నెట్ రాకుంటే ముందు ఇంట్లో తీగెలు చూసుకోండి

ఫోను ఎక్స్‌టెన్షన్ డబ్బాల అమరికలో, ఇంటి ఇంటర్నెట్ లైనులో రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

ఆలూరు (చేవెళ్ల): పత్తి అమ్ముకోవాలంటే ఇప్పుడు బండికెత్తుకుని పోతే సరిపోదు. 2025 సీజను నుంచి సీసీఐ కేంద్రంలో అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. భూమి వివరాలు చూసుకోవాలంటే భూభారతి పోర్టల్. పీఎం కిసాన్ డబ్బులు పడాలంటే ఈ-కేవైసీ. బోయిన్‌పల్లిలో టమాట ధర, గుడిమల్కాపూర్‌లో బంతిపూల ధర తెల్లారేసరికి ఫోనులో చూసుకుని బయలుదేరే రైతులు మన ఆలూరు, చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు చాలామందే ఉన్నారు. అందుకే సెల్లు సిగ్నల్ సరిగా అందని ఇళ్లలో ఫైబర్ లైను పెట్టించుకుంటున్నారు. కొందరు పాత ల్యాండ్‌లైను మీదే నెట్టుకొస్తున్నారు.

తీరా అవసరం పడిన రోజే నెట్ ఉండదు. ‘‘మూడు దినాలాయె సారూ, నెట్ వస్తలేదు, ఫోన్ చేస్తే ఇగొస్త అగొస్త అంటున్నరు’’ అనే మాట ఏ ఊరికి పోయినా వినిపిస్తుంది. లైన్‌మన్ వచ్చి చూశాక తేలేదేమిటంటే, బయట లైను బాగానే ఉంటుంది. మంచం కోడు కింద తీగె నలిగి ఉంటుంది. లేదా ఎలుక కొరికి ఉంటుంది. లేదంటే పండుగకు సున్నం వేసినప్పుడు ఎవరో ప్లగ్గు పీకి, తిరిగి వేరే రంధ్రంలో పెట్టి ఉంటారు. ఈ పాటి దానికి మూడు రోజులు పోయాయి, స్లాటూ పోయింది. ఇలాంటివి మనమే కనిపెట్టవచ్చు. పెద్ద చదువు అక్కర లేదు.

బోరు దగ్గర చూసినట్టే చూడాలి

మడికి నీళ్లు రాకపోతే ఏం చేస్తారు? ముందు బోరు దగ్గరకు పోయి నీళ్లు పోస్తున్నదా అని చూస్తారు. పోస్తుంటే మోటారు మంచిదే, పైపులైనులో ఎక్కడో పగిలిందని దాని వెంట నడుస్తారు. ఫోను లైనుకూ అంతే. బయటి నుంచి తీగె ఇంట్లోకి వచ్చి చేరే మొదటి డబ్బా మన బోరు. అక్కడి నుంచి గదులకు పోయిన తీగెలన్నీ పైపులైను.

కాబట్టి ఏది చెడినా మొదటి పని ఒక్కటే. ఇంట్లో తీగెలన్నీ విడదీసి, మొదటి డబ్బా దగ్గర పరీక్ష చేయాలి. అక్కడ పని చేస్తే తప్పు మన ఇంట్లో ఉంది. అక్కడా పని చేయకుంటే బయట ఉంది, కంపెనీకి ఫోన్ చేయాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా లైన్‌మన్‌ను పిలవరాదు.

రాగి తీగె లైను ఉన్నవారికి

పాత ల్యాండ్‌లైను ఫోను రెండు రాగి తీగెల మీద నడుస్తుంది. స్తంభం మీది డీపీ డబ్బా నుంచి డ్రాప్ వైరు ఇంటికి వస్తుంది. గోడకు రోసెట్ అనే చిన్న తెల్ల డబ్బా ఉంటుంది. ఈ తీగెల్లో ఎక్స్ఛేంజి నుంచి సుమారు 48 వోల్టుల డీసీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు ఉంటాయి గనుక ఊళ్లో కరెంటు పోయినా పాత ఫోను పని చేసేది.

48 వోల్టులే కదా అని చులకన చేయొద్దు. ఫోను మోగేటప్పుడు అదే తీగెలోకి 75 వోల్టులకు అటూ ఇటూగా ఏసీ కరెంటు వస్తుంది. తడి చేతులతో పట్టుకుంటే గట్టిగానే కొడుతుంది. మన వాళ్లకు వైరు తోలును పళ్లతో చీల్చే అలవాటు ఉంది. ఫోను లైనుతో ఆ పని అసలే చేయరాదు. స్తంభం నుంచి వచ్చే తీగెను ముందు రోసెట్ దగ్గర విప్పి పక్కకు పెట్టి, ఆ తర్వాతే లోపలి వైరింగు ముట్టుకోవాలి.

పక్క గదిలో ఇంకో ఫోను కావాలంటే ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు. దీనికి వాడే వైరు ముఖ్యం. రెండు తీగెలు ఒకదానికొకటి మెలేసి ఉన్న అసలు టెలిఫోన్ వైరే తీసుకోవాలి. ఇంట్లో మిగిలిన లైటు వైరు, మైకు సెట్టు వైరు వాడితే మాట వినిపిస్తుంది గానీ గుయ్యిమనే చప్పుడు ఎక్కువవుతుంది, నెట్ మందగిస్తుంది. తీగెలను మెలేసేది అందం కోసం కాదు. పక్కన పోయే కరెంటు తీగెల ప్రభావం రెండింటి మీదా సమానంగా పడి, ఒకదాన్నొకటి కొట్టేసుకోవడానికి.

మొదటి రోసెట్‌లో రెండు మరలు ఉంటాయి. ఒక్కో మర కింద బయటి తీగె ఒకటి ఉంటుంది. కొత్త వైరులోని ఒక తీగెను ఒక మరకు, రెండో తీగెను రెండో మరకు బిగించాలి. అవతలి డబ్బాలోనూ అంతే. రంగులు గుర్తు పెట్టుకుని రెండు చోట్లా ఒకే తీరుగా వేయాలి. తోలు అరంగుళం కంటే ఎక్కువ తీయొద్దు. తోలు తీసిన రాగి తీగెలు రెండూ తగిలితే లైను మొత్తం చచ్చిపోతుంది, మీకు ఫోన్ చేసేవారికి ఎంగేజ్ వస్తుంది. మూడు నాలుగు ఫోన్లకు మించి తగిలించినా ఇబ్బందే, గంట మందంగా మోగుతుంది, ఒక్కోసారి మోగనే మోగదు.

వైరును మధ్యలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టడం మన దగ్గర మామూలు. ఎండాకాలం బాగానే ఉంటుంది. వానాకాలం రాగానే టేపులోకి చెమ్మ చేరి, రాగి మీద పచ్చని చిలుము పడుతుంది. మాట్లాడుతుంటే పేలాలు వేగినట్టు చిటపటలాడుతుంది. ఇలాంటి చప్పుడు వస్తే తొంభై పాళ్లు జాయింటు దగ్గరే తప్పు అని నా అనుభవం. జాయింటు పెట్టాల్సి వస్తే డబ్బాలోనే పెట్టాలి, గోడ బయట పెట్టరాదు.

స్ప్లిట్టర్ మరచిపోతే నెట్ ఉండదు

బీఎస్‌ఎన్‌ఎల్ 2005 జనవరిలో రాగి తీగె మీదే బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అదే తీగెలో మాట కింది స్థాయిలో, నెట్ పై స్థాయిలో కలిసి వస్తాయి. ఈ రెండింటినీ విడదీసే చిన్న పెట్టెను స్ప్లిట్టర్ అంటారు. దానికి మూడు రంధ్రాలు. లైను అని ఉన్నదాంట్లో బయటి నుంచి వచ్చే తీగె, ఫోను అని ఉన్నదాంట్లో ఫోను, మోడెం అని ఉన్నదాంట్లో మోడెం.

ఎక్కువ మంది చేసే తప్పు ఇక్కడే ఉంది. స్ప్లిట్టర్ పెట్టకముందే గదులకు పోయిన పాత ఎక్స్‌టెన్షన్ తీగెలను అలాగే వదిలేస్తారు. ఆ గదిలోని ఫోనుకు వడపోత ఉండదు. ఫోను మోగిందంటే చాలు నెట్ తెగిపోతుంది. పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్లన్నీ స్ప్లిట్టర్‌లోని ఫోను రంధ్రం నుంచే పోవాలి. వాడకుండా వదిలేసిన తీగె ముక్కలు కూడా నష్టమే. చివర ఫోను లేదు కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. నెట్ సంకేతం ఆ మొండి తీగెలోకి పోయి, చివర కొట్టుకుని తిరిగి వచ్చి అసలు సంకేతాన్ని చెడగొడుతుంది. వాడని తీగెను మొదటి డబ్బా దగ్గరే విప్పేయాలి. ఇది ఒక్కటి చేస్తేనే నెట్ కుదురుకున్న ఇళ్లున్నాయి.

ఎక్స్ఛేంజికి దూరమైతే మాత్రం ఇంట్లో ఎంత సవరించినా ఫలితం తక్కువ. తీగె పొడవు నాలుగైదు కిలోమీటర్లు దాటితే రాగి మీద నెట్ చాలా బలహీనపడుతుంది. అలాంటి పల్లెలకు ఫైబరే దారి. చాలాచోట్ల రాగి లైన్లను తీసేసి ఫైబర్‌కు మారుస్తున్నారు కూడా.

గాజు తీగె, దాని దీపాలు

ఫైబర్ అంటే వెంట్రుకలాంటి సన్నని గాజు పోగు. అందులో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఈ తీగెను కూడా వేసి, టీ-ఫైబర్ పేరుతో పల్లెలకు ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వ పథకం. 2024 డిసెంబర్‌లో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన గ్రామాల్లో మన రంగారెడ్డి జిల్లా హాజిపల్లి కూడా ఉంది. ఇతర కంపెనీల తీగెలు స్తంభాల మీదుగా వస్తున్నాయి.

ఇంట్లో పెట్టే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. మన వాళ్లు మోడెం అనే పిలుస్తారు, అలాగే పిలుద్దాం. దాని మీద దీపాలు ఉంటాయి. రైతు నేర్చుకోవాల్సినవి మూడే.

పవర్ దీపం వెలగకుంటే కరెంటు గానీ, అడాప్టర్ గానీ పోయినట్టు. వేరే ప్లగ్గులో పెట్టి చూడాలి.

పాన్ దీపం కదలకుండా పచ్చగా వెలుగుతుంటే బయటి లైను బాగున్నట్టు. అదే పనిగా మిణుకుతుంటే అవతలి యంత్రంతో కలవడానికి తంటాలు పడుతున్నట్టు.

లాస్ అనే దీపం ఎర్రగా వెలిగినా, మిణికినా వెలుగు ఇంటి దాకా రావడం లేదని అర్థం. ఎక్కడో తీగె తెగింది, లేదా బాగా వంగింది. ముందు మోడెం వెనక తీగె మడత పడిందేమో చూడండి. గాజు పోగును చాయ్ గ్లాసు మూతి కన్నా చిన్న చుట్టగా చుడితే వెలుగు బయటికి కారిపోతుంది. మడత సరి చేసినా ఎర్ర దీపం పోకుంటే ఇక మన చేతిలో లేదు, ఫిర్యాదు చేయాల్సిందే.

తెగిన గాజు తీగెను రాగి తీగెలాగా మెలిపెట్టి టేపు చుడితే అతకదు. దానికి వేరే యంత్రం ఉంది, రెండు కొసలను కరిగించి అతుకుతుంది. తెగిన కొసను కంటికి దగ్గరగా పెట్టుకుని చూడరాదు. అందులో పారే వెలుగు కంటికి కనబడదు గానీ కన్నుకు మంచిది కాదు. కొస ముక్కలు గాజు కాబట్టి అరికాలిలో గుచ్చుకుంటే తీయడం కష్టం, పిల్లలు తిరిగే చోట పడేయొద్దు.

లైన్‌మన్ వచ్చినప్పుడు ఒక మాట అడగండి. ‘‘పవర్ ఎంత వస్తున్నది?’’ అని. అతని దగ్గర కొలిచే మీటరు ఉంటుంది. మైనస్ 25 లోపు, అంటే మైనస్ 20, 22 అలా ఉంటే మంచిది. మైనస్ 27 దాటితే ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. ఈ అంకె అడిగితే లైన్‌మన్ కూడా కొంచెం జాగ్రత్తగా జాయింటు వేస్తాడు.

పచ్చ దీపం ఉన్నా నెట్ రాకుంటే

అప్పుడు మోడెం ప్లగ్గు తీసి రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. మోడెం వెనకాల సూది మొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది, రీసెట్ అంటారు. పిల్లలు పిన్నీసుతో దాన్ని నొక్కుతుంటారు. నొక్కితే లోపల కంపెనీ వేసిన వివరాలన్నీ చెరిగిపోతాయి, మళ్లీ లైన్‌మన్ వచ్చేదాకా అంతే సంగతులు. ఆ రంధ్రం మీద ప్లాస్టర్ ముక్క అంటించి పెట్టుకోవడం మంచిది.

బిల్లు గడువు దాటిందేమో కూడా చూసుకోవాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఇది చాలాసార్లు జరిగేదే.

తర్వాత ఫోను పట్టుకుని మోడెం పక్కనే నిలబడి చూడండి. అక్కడ నెట్ బాగా వచ్చి, వంటింట్లోనో వసారాలోనో రాకపోతే లైనుది తప్పు కాదు, వైఫై అందడం లేదు. మన పాత ఇళ్ల రాతి గోడలు, రెండడుగుల మందం మట్టి గోడలు, రేకుల పందిళ్లు వైఫైని బాగా ఆపేస్తాయి. మోడెంను ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక పెట్టొద్దు. ఇంటి మధ్యలో, తల ఎత్తున పెట్టాలి. ఫోనులో వైఫై పేర్లు రెండు కనిపిస్తే, 5 జీ అని ఉన్నది వేగంగా ఉంటుంది గానీ గోడ దాటితే తగ్గిపోతుంది. 2.4 అని ఉన్నది నెమ్మది అయినా దూరం పోతుంది. వసారాలో కూర్చుని స్లాట్ బుక్ చేయడానికి రెండోదే నయం.

పెద్ద ప్లానులకు ఆశపడొద్దు. ధరలు చూడడానికి, స్లాట్ బుక్ చేయడానికి, పిల్లల చదువుకు అన్నింటికన్నా చిన్న ప్లాను చాలు. నెట్ నెమ్మదిగా ఉందని పెద్ద ప్లానుకు మారిన ఇళ్లలో కూడా గోడ గోడే కదా. ఓటీపీ మాత్రం సెల్లు సిగ్నల్ మీద వచ్చేది. యాప్‌లో నమోదు చేసేటప్పుడు ఇంట్లో సిగ్నల్ అందే మూల చూసుకుని కూర్చోండి.

పాత డబ్బాలు పీకేయకండి

ఫైబర్‌కు మారినప్పుడు గదుల్లోని పాత రోసెట్లను పీకేస్తుంటారు. అవసరం లేదు. చాలా మోడెంలకు వెనక ఫోను రంధ్రం ఉంటుంది. అందులో నుంచి ఒక వైరు తీసి పాత మొదటి రోసెట్‌కు కలిపితే, ఇంట్లోని ఎక్స్‌టెన్షన్లన్నీ మళ్లీ మోగుతాయి. స్ప్లిట్టర్ ఇక అక్కర లేదు, తీసేయాలి.

అయితే ఒక హెచ్చరిక. అలా కలిపే ముందు స్తంభం నుంచి వచ్చిన పాత డ్రాప్ వైరును రోసెట్ నుంచి పూర్తిగా విప్పి, కొసలకు విడివిడిగా టేపు చుట్టి పక్కన పెట్టాలి. ఫోన్ ఆగిపోయిన లైనులో కరెంటు ఉండదనుకోవద్దు. ఎక్స్ఛేంజి వోల్టేజీ వచ్చి మోడెంకు తగిలితే ఆ ఫోను రంధ్రం కాలిపోతుంది. పిడుగు పడినా ఆ రాగి తీగె ద్వారానే లోపలికి వస్తుంది.

కొట్టం దాకా, పాలీహౌస్ దాకా

పశువుల కొట్టం దగ్గర కెమెరా పెట్టుకోవాలని, పాలీహౌస్‌లో నెట్ కావాలని అడిగే రైతులు పెరిగారు. మోడెం నుంచి లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగవచ్చు, అంతకు మించితే పని చేయదు. పూర్తి రాగి తీగె ఉన్న కేబులే కొనాలి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది చవక, కానీ దూరం పోదు, వంచితే విరుగుతుంది. బయట వేసేది నల్ల తోలు ఉన్నదై ఉండాలి, మామూలు తోలు రెండు ఎండాకాలాలకే పెళుసైపోతుంది. రంధ్రాలు లేని పాత నల్ల పీఈ పైపు ఉంటే అందులో దూర్చి పూడిస్తే ఎలుకల బెడద, పార దెబ్బ తప్పుతాయి. మోటారు కరెంటు వైరు ఉన్న పైపులోనే దీన్నీ దూర్చడం మాత్రం చేయరాదు. కనీసం జానెడు ఎడం ఉండాలి.

బోరు దాకా, చేను దాకా తీగె లాగడం ఎకరం రెండెకరాల రైతుకు దండగ. మొబైల్ స్టార్టర్ సిమ్ కార్డు మీద నడుస్తుంది, దానికి ఇంటి నెట్‌తో పని లేదు.

ఇంటికి వచ్చే తీగె ఎత్తు కూడా గమనించాలి. చొప్ప కట్టలు ఎత్తిన ట్రాక్టరు, వరి కోత మిషన్ పోయే దారికి అడ్డంగా తీగె కిందికి వేలాడితే అది తెగేదే. కరెంటు స్తంభానికి, స్టే వైరుకు కట్టనివ్వొద్దు. గోడ రంధ్రంలోకి దూరే ముందు తీగెకు కిందికి ఒక వంపు పెట్టాలి. వాననీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, ఇంట్లోకి రావు.

కరెంటు పోయినప్పుడు, ఉరిమినప్పుడు

పాత ఫోనులాగా ఫైబర్ ఫోను కరెంటు లేకుండా పని చేయదు. మోడెం చాలావరకు 12 వోల్టులది. దాని కోసమే మినీ యూపీఎస్ అని చిన్న పెట్టెలు దొరుకుతాయి, కొన్ని గంటలు నడుపుతాయి. స్ప్రేయర్ బ్యాటరీ కూడా 12 వోల్టులే కదా, తగిలిస్తే పోదా అని కొందరు అడుగుతున్నారు. నిండా చార్జింగు చేసిన బ్యాటరీలో 13 వోల్టుల దాకా ఉంటుంది, చార్జింగులో ఉండగా ఇంకా ఎక్కుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే మోడెం అక్కడికక్కడే పోతుంది. నేనైతే వద్దనే చెబుతాను.

ఉరుములు మొదలవగానే మోడెం అడాప్టర్ ప్లగ్గు తీయాలి. రాగి లైను ఉంటే ఆ తీగె కూడా తీయాలి. గాజు పోగులో పిడుగు కరెంటు పారదు, నిజమే. కానీ చాలా డ్రాప్ కేబుళ్లలో బలం కోసం సన్నని ఉక్కు తీగె ఉంటుంది, అందులో పారుతుంది. ఆ ఉక్కు తీగెను గోడ బయటే ఆపేయమని బిగించేటప్పుడే చెప్పాలి. కొట్టం దాకా వేసిన లాన్ కేబుల్‌ను కూడా ఆ సమయంలో మోడెం నుంచి పీకి ఉంచాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు

‘‘నెట్ వస్తలేదు’’ అని ఒక్క మాట చెబితే అవతలివారు మోడెం ఆపి వేయమంటారు, ఫోన్ పెట్టేస్తారు. ‘‘ఆపి వేసి చూశాం, లాస్ దీపం ఎర్రగా ఉంది, తీగె మడత లేదు, పొద్దున ఆరింటి నుంచి ఇట్లనే ఉంది’’ అని చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి, మెసేజీ వస్తే చెరిపేయొద్దు. లైను ఎన్ని రోజులు ఆగిందో చెప్పి బిల్లులో తగ్గించమని అడగడానికి ఆ నంబరే ఆధారం. కింది స్థాయిలో పని జరగకుంటే అదే నంబరుతో కంపెనీ అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి టెలికం కంపెనీకీ ఈ రెండంచెల ఏర్పాటు ఉండాలి.

లైన్‌మన్ వచ్చి బాగు చేశాక, అతను అక్కడ ఉండగానే మోడెం దీపాలను సెల్లులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ చెడినప్పుడు ఏ దీపం మారిందో ఆ ఫొటో పక్కన పెట్టి చూసుకోవచ్చు.